సరిహద్దు ఊళ్ల దుకాణాలకు ఫోనులో పడే లెక్క ఎందుకు పనికొస్తుంది?

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి జమీందారీ రెండు ముక్కలైంది. పట్టణం ఒడిశాలో కలిసింది. జమీందారీలోని చాలా పల్లెలు మద్రాసు రాష్ట్రంలోనే మిగిలిపోయి ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. బజారు మాత్రం ఈ పంపకాన్ని ఒప్పుకోలేదు. పాతపట్నం వైపు వాళ్లు పెళ్లి బట్టలకు పర్లాకిమిడి వస్తూనే ఉన్నారు. ఇచ్ఛాపురం, సోంపేట వాళ్లకు బరంపురం బజారే దగ్గర. రాయగడ, గుణుపురం దుకాణదారులకు పార్వతీపురం వైపు చుట్టరికాలూ ఉన్నాయి, సరుకు బాకీలూ ఉన్నాయి. గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన పర్లాకిమిడిలో ఇవాళ్టికీ బేరం తెలుగులో మొదలై ఒడియాలో ముగుస్తుంది, లేదంటే ఒడియాలో మొదలై తెలుగులో ముగుస్తుంది.

ఇలాంటి చోట కిరాణా కొట్టు, బట్టల దుకాణం, టిఫిను బండి నడిపేవారికి డిజిటల్ పద్ధతుల వల్ల కలిగిన మేలు ఏమిటని అడిగితే, చిల్లర బెడద తీరిందనీ డబ్బు వెంటనే ఖాతాలో పడుతోందనీ చెబుతారు. అది నిజమే. కానీ నా దృష్టిలో అది చిన్న మేలు. పెద్ద మేలు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. దుకాణంలో రోజుకు ఎంత వ్యాపారం జరుగుతుందో యజమాని పేరు మీద, తేదీలతో సహా, బయటివాళ్లు కూడా చదవగలిగే చోట మొదటిసారిగా నమోదవుతోంది. ఇంతకాలం ఆ లెక్క యజమాని తలలోనో, గల్లాపెట్టె పక్కన ఉండే చిట్టా పుస్తకంలోనో ఉండేది. దాన్ని చూసి ఏ బ్యాంకూ అప్పు ఇవ్వలేదు.

అయితే ఆ లెక్కను బ్యాంకు ఒక్కటే చదవదు. ఆదాయపు పన్ను శాఖ, జీఎస్టీ శాఖ కూడా చదువుతాయి. సరిహద్దు దాటి సరుకు పంపితే ఆ సంగతీ అందులో ఉంటుంది. యూపీఐకి రాష్ట్రాల గీత కనిపించదు. జీఎస్టీకి ఆ గీతే ప్రాణం. ఈ రెండూ ఒకే దుకాణంలో కలిసేచోట వ్యాపారులు తికమక పడుతున్నారు. కొందరు భయపడి స్కానర్ అట్ట తీసేయాలనుకుంటారు, మరికొందరు ఏమీ పట్టించుకోకుండా పార్సిళ్లు పంపేస్తుంటారు. రెండూ నష్టమే.

డబ్బు అందుకోవడం వరకు

ఈ భాగం అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. భారత జాతీయ చెల్లింపుల సంస్థ 2016లో యూపీఐని ప్రవేశపెట్టింది. 2025 ఆగస్టులో ఒక్క నెలలో జరిగిన యూపీఐ చెల్లింపుల సంఖ్య 2,000 కోట్లు దాటింది. 2020 జనవరి 1 నుంచి బ్యాంకు ఖాతాలోంచి నేరుగా జరిగే యూపీఐ చెల్లింపుపై దుకాణదారు దగ్గర రుసుము వసూలు చేయకూడదన్న నిబంధన ఉంది. టిఫిను బండి దాకా స్కానర్ రావడానికి అసలు కారణం ఇదే. పది రూపాయల టీ మీద ఒక్క పైసా కోత పడినా ఆ అట్ట అక్కడ నిలిచేది కాదు. డబ్బు పడగానే పైకి చెప్పే సౌండ్ బాక్సు అద్దె మాత్రం వేరే లెక్క. అది నెలనెలా ఖాతాలోంచి పోతుంది. పెట్టె తిరిగి ఇచ్చేశాక కూడా అద్దె కోత ఆగిందో లేదో ఖాతాలో చూసుకోవాలి.

ఆ పెట్టె వల్ల ఒక గట్టి ఉపయోగం ఉంది. డబ్బు పంపినట్టు నకిలీ తెర చూపించి వెళ్లిపోయే మోసం సందడి వేళల్లో ఎక్కువ. ఫోను తెర చూసి నమ్మడం కంటే పెట్టె నోటితో విన్నాకే సరుకు చేతికివ్వడం మేలు. ఈ పెట్టెలకు తెలుగు, ఒడియా రెండూ వచ్చు. కౌంటర్‌లో కూర్చునే మనిషికి ఏ భాషలో అంకెలు చప్పున తలకెక్కుతాయో ఆ భాషే పెట్టుకోవాలి. డబ్బు రావడానికి పిన్ అవసరం లేదన్న మాట మాత్రం కౌంటర్‌లో కూర్చునే ప్రతి ఒక్కరికీ, ముఖ్యంగా పెద్దవాళ్లకు, మళ్లీ మళ్లీ చెప్పాలి. మామూలు మనుషులు ఒకరినొకరు యూపీఐలో డబ్బు అడిగే అభ్యర్థన సదుపాయాన్ని 2025 అక్టోబరు 1 నుంచి ఆపేశారు. మోసగాళ్లు దాన్ని అంతగా వాడుకున్నారు మరి.

అప్పు దగ్గరే అసలు మార్పు

సరిహద్దు పట్టణాల్లో చిన్న వ్యాపారికి పెట్టుబడి ఎక్కడినుంచి వస్తుంది? చాలామందికి రోజువారీ ఫైనాన్సు నుంచి. ఆ లెక్క ఒకసారి వేసి చూద్దాం. పదివేల అప్పని చెప్పి ముందే వెయ్యి కోసుకుని 9,000 చేతికిస్తారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. వినడానికి వెయ్యి రూపాయల వడ్డీయే. కానీ అసలు మొదటిరోజు నుంచే తరుగుతూ వస్తుంది కాబట్టి, చేతిలో ఉన్న డబ్బు మీద లెక్కగడితే ఆ వడ్డీ ఏడాదికి 75 శాతం దాటుతుంది. సాయంత్రం వసూలుకు వచ్చే మనిషి మర్యాదగా మాట్లాడతాడు, కాగితాలు అడగడు, పొద్దున అడిగితే సాయంత్రానికి డబ్బిస్తాడు. అందుకే ఆ అప్పు బతికి ఉంది. బ్యాంకు అడిగే కాగితాలు ఈ వ్యాపారి దగ్గర ఎప్పుడూ లేవు.

ఇప్పుడు ఆ కాగితం తయారవుతోంది. ఏడాదిపాటు స్కానర్ మీద అందుకున్న డబ్బు ఖాతాలో వరుసగా కనిపిస్తే, పండగ నెలల్లో గిరాకీ ఎంత పెరుగుతుందో, వానల్లో ఎంత పడిపోతుందో బ్యాంకుకు అర్థమవుతుంది. ప్రభుత్వ రంగ బ్యాంకులు చిన్న పరిశ్రమలకు అప్పు ఇచ్చేటప్పుడు ఆస్తులు, ఆడిట్ లెక్కలు మాత్రమే చూడకుండా ఖాతా లావాదేవీలు, జీఎస్టీ రిటర్నులు వంటి డిజిటల్ ఆధారాలతో అంచనా వేసే కొత్త పద్ధతిని 2024 జూలై బడ్జెట్‌లో ప్రకటించారు. 2025 మార్చిలో అది మొదలైంది. సూక్ష్మ, చిన్న వ్యాపారాలకు కనీసం 10 లక్షల వరకు తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఎప్పటినుంచో ఉంది. తాకట్టు వద్దన్నప్పుడు నమ్మకానికి మరో ఆధారం కావాలి. ఆ ఆధారం లేకనే ఇంతకాలం ఈ నిబంధన చిన్నవాళ్ల దాకా రాలేదు.

ఇక్కడ సరిహద్దువాళ్లకు ప్రత్యేకంగా ఒక చిక్కుంది. చాలామందికి గీతకు ఇరుపక్కలా ఖాతాలుంటాయి. పుట్టింటి ఊళ్లో ఒకటి, దుకాణం ఉన్న ఊళ్లో ఒకటి. 2025 మే 1 నుంచి గ్రామీణ బ్యాంకులను రాష్ట్రానికొకటిగా కలిపేశారు. ఒడిశాలో ఒడిశా గ్రామీణ బ్యాంకు, అటు ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు. రెండు చోట్లా ఖాతా ఉన్న వ్యాపారి లెక్క రెండు సగాలుగా చీలిపోతుంది. అప్పిచ్చే అధికారికి కనిపించేది ఒక సగమే. వ్యాపారం నిజంగా ఉన్నదానికంటే చిన్నదిగా కనిపించి అప్పూ చిన్నదే వస్తుంది.

2021 సెప్టెంబరులో వాడుకలోకి వచ్చిన అకౌంట్ అగ్రిగేటర్ ఏర్పాటు ఈ చిక్కుకు మందు. పేరు బరువుగా ఉన్నా పని తేలిక. రిజర్వు బ్యాంకు అనుమతి పొందిన ఒక మధ్యవర్తి సంస్థ, మీ ఒప్పుకోలు తీసుకుని, మీ ఖాతాల లెక్కను అప్పిచ్చే సంస్థకు నేరుగా చేరవేస్తుంది. ఏ ఖాతా, ఎన్ని నెలల లెక్క, ఏ పని కోసం అన్నది ఆ ఒప్పుకోలులోనే రాసి ఉంటుంది. వద్దనుకుంటే దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. ఆ మధ్యవర్తి మీ లెక్కను చదవలేదు, మోసుకెళ్తుందంతే. ఈ ఏర్పాటులో చేరిన బ్యాంకులైతే పాతపట్నం ఖాతా, పర్లాకిమిడి ఖాతా పక్కపక్కనే ఒకే లెక్కగా కనిపిస్తాయి. పాస్‌బుక్కు జిరాక్సులు పట్టుకుని రెండు ఊళ్ల మధ్య తిరిగే పని ఉండదు.

దీనితోపాటు, చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం గుర్తింపు ఇచ్చే ఉద్యమ్ నమోదు చేసుకోవాలి. 2020 జూలై 1న మొదలైన ఈ నమోదుకు ఒక్క రూపాయి కూడా కట్టనవసరం లేదు. అచ్చం ప్రభుత్వ వెబ్‌సైటులా కనిపించి రుసుము అడిగేవి చాలా ఉన్నాయి, వాటి జోలికి పోవద్దు. జీఎస్టీ నంబరు లేని మరీ చిన్న వ్యాపారులకు 2023 నుంచి ఉద్యమ్ అసిస్ట్ అనే మరో దారి ఉంది. ఈ పత్రం ఉంటే బ్యాంకులు మీకిచ్చే అప్పును ప్రాధాన్య రంగం కింద లెక్క చూపించుకోవచ్చు. వాళ్లకు ఆ లక్ష్యం తప్పనిసరి కాబట్టి ఈ కాగితం మీకంటే ముందు వాళ్లకే పనికొస్తుంది. అందుకే అడగడానికి మొహమాటపడొద్దు.

తోపుడుబండ్లు, ఫుట్‌పాత్ దుకాణాలకు పీఎం స్వనిధి ఉంది. 2020 జూన్‌లో పదివేల అప్పుతో మొదలైన ఈ పథకాన్ని 2025 ఆగస్టులో 2030 మార్చి వరకు పొడిగించారు. మొదటి విడత 15,000, అది తీర్చాక 25,000, ఆ తర్వాత 50,000. సకాలంలో కడితే 7 శాతం వడ్డీ రాయితీ వస్తుంది. డిజిటల్ చెల్లింపులు అందుకున్నవాళ్లకు కొంత సొమ్ము వెనక్కి వస్తుంది. 75 శాతం వడ్డీ పక్కన దీన్ని పెట్టి చూడండి.

స్కానర్ ఇచ్చిన కంపెనీలే యాప్‌లో అప్పు ఇస్తామని చెబుతాయి. రోజూ పడే డబ్బులోంచి కోసుకుంటాయి. వాటిలో కొన్ని న్యాయమైనవే, కానీ కోత రోజువారీగా ఉన్నప్పుడు వడ్డీ రేటు ఎప్పుడూ తక్కువగానే కనిపిస్తుంది. పైన వేసిన లెక్కే ఇక్కడా వేయాలి. చేతికి నికరంగా ఎంత వచ్చింది, మొత్తం ఎంత కట్టాలి, ఎన్ని రోజుల్లో? అప్పిచ్చేవారు మొత్తం ఖర్చును ఏడాది రేటుగా రాసి ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ఆ కాగితం అడిగి తీసుకోండి.

పన్ను భయం, పన్ను లాభం

లెక్క బయటపడితే పన్ను మీద పడుతుందన్న భయం ఉత్తది కాదు. 2025 జూలైలో కర్ణాటకలో వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ వసూళ్ల ఆధారంగా వేలమంది చిన్న వ్యాపారులకు నోటీసులిచ్చింది. బెంగళూరులో చాలా దుకాణాలు స్కానర్ తీసేసి నగదే తీసుకుంటామని బోర్డులు పెట్టాయి. పాలు, కూరగాయలు అమ్మేవాళ్లకూ నోటీసులు వెళ్లడంతో గొడవ పెద్దదై ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఆ వార్త వాట్సాప్‌లో పడి గంజాం జిల్లా దాకా వచ్చింది.

అసలు నియమం ఇది. ఒడిశా, ఆంధ్రప్రదేశ్‌లలో సరుకులు అమ్మేవారికి ఏడాది వ్యాపారం 40 లక్షలు దాటితేనే జీఎస్టీ నమోదు తప్పనిసరి. సేవలకు ఆ హద్దు 20 లక్షలు. తెలంగాణలో సరుకులకు కూడా 20 లక్షలే, అక్కడి చుట్టాలు చెప్పిన అంకెను ఇక్కడ పట్టుకోవద్దు. కేవలం పన్ను లేని సరుకులే, అంటే తాజా కూరగాయలు, పాలు, విడిగా తూచే బియ్యం వంటివే అమ్మేవారికి ఎంత వ్యాపారం ఉన్నా నమోదు అవసరం లేదు. కానీ వాటితోపాటు సబ్బులు, బిస్కెట్లు కూడా అమ్మితే రెండింటి మొత్తాన్ని కలిపి 40 లక్షల హద్దుతో పోల్చాలి. చాలామంది పన్ను పడే సరుకు ఒక్కటే లెక్కేసుకుని పొరబడుతున్నది ఇక్కడే.

బావమరిది పంపిన చేబదులు, కొడుకు బెంగళూరు నుంచి పంపే డబ్బు, చీటీ సొమ్ము అన్నీ ఒకే స్కానర్ మీద పడితే అవన్నీ అమ్మకాలుగానే కనిపిస్తాయి. తరువాత ఒక్కొక్కటీ విడదీసి రుజువు చూపడం నరకం. దుకాణానికి వేరే ఖాతా, ఇంటికి వేరే ఖాతా ఉంటే ఈ బాధ పుట్టదు. డిజిటల్ పద్ధతుల గురించి వ్యాపారికి ఒకే ఒక్క సలహా ఇవ్వమంటే నేను ఇదే ఇస్తాను.

ఈ లెక్కతో లాభమూ ఉంది. ఆదాయపు పన్నులో అంచనా లాభం పద్ధతి అని ఒకటి ఉంది. పూర్తి ఖాతా పుస్తకాలు రాయకుండా, అమ్మకాల్లో 8 శాతాన్ని లాభంగా చూపితే చాలు. బ్యాంకు ద్వారా, యూపీఐ ద్వారా వచ్చిన భాగానికి 6 శాతమే చాలు. ఏడాదికి 2 కోట్ల అమ్మకాలున్న వ్యాపారిని తీసుకుందాం. అంతా నగదైతే లాభం 16 లక్షలు. 2025-26 కొత్త పన్ను రేట్ల ప్రకారం దాని మీద పన్ను సెస్సుతో కలిపి 1,24,800 రూపాయలు. అంతా డిజిటల్ అయితే లాభం 12 లక్షలు. వేరే ఆదాయం లేకపోతే రిబేటు వల్ల పన్ను సున్నా. నిజమైన లాభం అంతకంటే ఎక్కువుంటే ఎక్కువే చూపాలి, అది వేరే మాట. నగదు వసూళ్లు 5 శాతం మించకపోతే ఈ పద్ధతి వాడుకునే హద్దు కూడా 2 కోట్ల నుంచి 3 కోట్లకు పెరుగుతుంది.

గీత దాటిన పార్సిల్

ఇప్పుడు మన జిల్లాలకే ప్రత్యేకమైన ముడి. 40 లక్షల హద్దు సొంత రాష్ట్రంలో అమ్మేవారికే. పన్ను పడే సరుకును పక్క రాష్ట్రానికి అమ్మితే మొదటి రూపాయి నుంచే జీఎస్టీ నమోదు ఉండాలని చట్టం చెబుతుంది. మరి పాతపట్నం మనిషి పర్లాకిమిడి కొట్టుకు వచ్చి చీర కొనుక్కుని సంచిలో వేసుకుని వెళ్తే అది పక్క రాష్ట్రానికి అమ్మినట్టా?

కాదు. నమోదు లేని మామూలు కొనుగోలుదారు కౌంటర్ దగ్గర సరుకు తీసుకుంటే, బిల్లులో అతని చిరునామా రాయకపోతే, అమ్మకం దుకాణం ఉన్న రాష్ట్రంలోనే జరిగినట్టు. అతను ఆంధ్ర ఖాతాలోంచి యూపీఐ చేసినా సరే. డబ్బు ఎక్కడినుంచి వచ్చిందన్నది జీఎస్టీలో ఈ ప్రశ్నను తేల్చదు. కానీ 2023 అక్టోబరు 1 నుంచి ఒక మెలిక వచ్చింది. బిల్లు మీద కొనుగోలుదారు చిరునామా రాస్తే, ఆఖరికి రాష్ట్రం పేరు మాత్రమే రాసినా, ఆ రాష్ట్రమే అమ్మకపు చోటు అవుతుంది. బిల్లింగ్ యాప్‌లో అలవాటుగా ఊరు, రాష్ట్రం నింపేసే కుర్రవాళ్లకు ఈ సంగతి తెలియాలి.

అదే మనిషి ఇంటికి వెళ్లి వాట్సాప్‌లో ఇంకో చీర బొమ్మ చూసి ముచ్చటపడి, డబ్బు పంపి, పార్సిల్ చేయమంటే అది అంతర్రాష్ట్ర అమ్మకం. పది నిమిషాల దూరమైనా, చీర ఐదు వందలదైనా తేడా లేదు. శ్రీకాకుళం జిల్లా కొనుగోలుదారే సగం బలమైన బజారుకు ఇంత చిన్న పార్సిల్ మీద ఇంత పెద్ద నియమం పెట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం. అయినా చట్టం ఇప్పుడు ఇలాగే ఉంది. తెలిసి నడుచుకోవడమే క్షేమం.

చీర చేనేతదైతే మాత్రం దారి వేరు. బరంపురం ఫోడా కుంభ పట్టుకు భౌగోళిక గుర్తింపు ఉంది. దాన్ని నేసే దేరా కుటుంబాల మూలాలు తెలుగు నేలవే. ఇలాంటి చేనేత వస్తువులనూ, జాబితాలో ఉన్న హస్తకళా వస్తువులనూ ఏడాదికి 20 లక్షల లోపు అమ్మేవారు జీఎస్టీ నమోదు లేకుండానే పక్క రాష్ట్రాలకు పంపవచ్చు. రెండు షరతులున్నాయి. పాన్ కార్డు ఉండాలి, సరుకు విలువ ఎంత తక్కువైనా ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) తీయాలి. మామూలు సరుకుకు 50,000 దాటితేనే ఈ-వే బిల్లు కదా అని ఇక్కడ ఊరుకోకూడదు, ఇది ప్రత్యేక నియమం. పర్లాకిమిడి కొమ్ము బొమ్మలు చేసేవారు తమ వస్తువు ఆ జాబితాలో ఏ కోడు కింద వస్తుందో ముందే తెలుసుకుని పెట్టుకోవాలి. మరమగ్గం చీరకు ఈ వెసులుబాటు లేదు. ఒకే అల్మారాలో రెండూ పెట్టి అమ్మే దుకాణం పార్సిళ్ల దగ్గర వాటిని విడిగా చూడాలి.

ఆన్‌లైన్ అమ్మకాల వేదికల సంగతి ఇంకో మెట్టు. ఒకప్పుడు వాటిలో ఒక్క వస్తువు పెట్టాలన్నా జీఎస్టీ తప్పనిసరి. 2023 అక్టోబరు 1 నుంచి 40 లక్షల లోపు వ్యాపారులు నమోదు లేకుండా, పాన్‌తో ఒక ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుని అమ్ముకోవచ్చు. కానీ సొంత రాష్ట్రంలోపలే. ఒడిశా నంబరుతో భువనేశ్వర్‌కు పంపవచ్చు గాని శ్రీకాకుళానికి పంపకూడదు. తెలుగు మాట్లాడే, తెలుగు పండగలు చేసుకునే కొనుగోలుదారు ఉన్నది ఆంధ్ర వైపు. అందువల్ల మన వ్యాపారికి ఈ వెసులుబాటు సగమే.

కాబట్టి పక్క రాష్ట్రానికి పార్సిళ్లు పంపడం ఆదాయంలో నిజంగా పెద్ద భాగం కాగలదనుకుంటే, జీఎస్టీ నంబరు తీసుకోవడమే మంచిది. దాని చుట్టూ రెండు అపోహలున్నాయి. మొదటిది, ఆంధ్రలో అమ్మాలంటే ఆంధ్రలోనూ నంబరు కావాలన్నది. అక్కర్లేదు. ఒడిశా నంబరు 21తో మొదలవుతుంది, ఆంధ్రప్రదేశ్‌ది 37తో. 21 నంబరుతోనే దేశమంతా అమ్మవచ్చు, బిల్లులో ఐజీఎస్టీ, అంటే అంతర్రాష్ట్ర అమ్మకాల మీద పడే జీఎస్టీ, వేస్తే సరి. పాతపట్నంలో గోడౌనో, రెండో దుకాణమో తెరిస్తేనే 37 నంబరు అవసరం. రెండో అపోహ, చిన్న వ్యాపారులకు జీఎస్టీలో ఉన్న కాంపొజిషన్ అనే సులభ పద్ధతిలో చేరితే అన్ని తలనొప్పులూ తీరతాయన్నది. అందులో అమ్మకాల మీద 1 శాతం కట్టి మూడు నెలలకోసారి లెక్క తేల్చుకోవచ్చు, నిజమే. కానీ ఆ పద్ధతిలో ఉన్నవారు పక్క రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు. కౌంటర్ అమ్మకానికి ఇబ్బంది లేదు, పార్సిల్‌కు ఉంది. సరిహద్దు బజారులో ఆ ఒక్క షరతు వల్లే అది చాలామందికి పొసగదు.

నంబరు తీసుకోవడం ఇదివరకంత కష్టం కాదు. 2025 నవంబరు 1 నుంచి, నమోదున్న వ్యాపారులకు అమ్మే సరుకు మీద నెలకు రెండున్నర లక్షల లోపు పన్ను ఉండేవారికి మూడు పనిదినాల్లో నమోదు ఇచ్చే సులభ పద్ధతి వచ్చింది. తీసుకున్నాక మాత్రం అమ్మకం లేని నెలల్లోనూ రిటర్ను వేయాలి. సున్నా రిటర్ను ఆలస్యమైతే రోజుకు 20 రూపాయల రుసుము పడుతుంది. ఒకటి రెండు పార్సిళ్ల ముచ్చట కోసం నంబరు తీసుకుని ఆ తర్వాత మరిచిపోవడం కంటే, వచ్చి తీసుకెళ్లమని ఆ కొనుగోలుదారుకు చెప్పడమే నయం.

ఖాతా స్తంభించినప్పుడు

ఎక్కడో ఒకరు సైబర్ మోసంలో డబ్బు పోగొట్టుకుని, అలాంటి ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకు ఫోను చేస్తారు. ఆ డబ్బు నాలుగు చేతులు మారి, ఆ నాలుగో మనిషి మీ కొట్టులో వంటనూనె కొని స్కాన్ చేస్తాడు. పోలీసుల ఆదేశం మీద డబ్బు దారి వెంట ఉన్న ఖాతాలను బ్యాంకులు ఆపుతూ పోతాయి. ఒక్కోసారి ఆ మొత్తమే కాకుండా ఖాతా మొత్తం ఆగిపోతుంది. ఫిర్యాదు ఏ రాష్ట్రంలోనైనా ఉండవచ్చు. బయటి ఊరి కొనుగోలుదారులు ఎక్కువగా వచ్చే బజారులో ఈ ప్రమాదం ఇంకాస్త ఎక్కువ. అలా జరిగితే బ్యాంకు నుంచి ఫిర్యాదు నంబరు, పోలీసు స్టేషను వివరాలు రాతపూర్వకంగా తీసుకోవాలి. ఆ రోజు బిల్లు చూపించి, సరుకు అమ్మినందుకు వచ్చిన డబ్బని రుజువు చేయాలి. పెద్ద అమ్మకాలకు బిల్లు కొట్టే అలవాటు ఇక్కడ అక్కరకొస్తుంది. ఇంటి ఖాతా వేరుగా ఉంటే పిల్లల ఫీజులకు, బియ్యానికి ఇబ్బంది పడరు.

ఎవరి ఫోను, ఎవరి భాష

ఇవన్నీ ఎవరి భాషలో ఉన్నాయన్నదే నన్ను ఎక్కువగా బాధిస్తున్న సంగతి. జీఎస్టీ పోర్టల్ పని ప్రధానంగా ఇంగ్లీషులో. ఒడిశా ప్రభుత్వ కరపత్రాలు ఒడియాలో. ఇక్కడి తెలుగు వ్యాపారుల్లో యాభై దాటిన చాలామంది ఒడియా ధారాళంగా మాట్లాడతారు గాని చదవలేరు. వాళ్ల పిల్లలు ఒడియాలో, ఇంగ్లీషులో చదువుకుని తెలుగు చదవలేరు. కొట్టు తండ్రి పేరు మీద ఉంటుంది, ఫోనులో సందేశం కొడుక్కి అర్థమవుతుంది, ఆ కొడుకు ఉద్యోగం కోసం వేరే ఊళ్లో ఉంటాడు. మధ్యలో ఇంటర్నెట్ సెంటరే దిక్కు. అక్కడ జీఎస్టీ నమోదు చేయించినప్పుడు సెంటరు వాళ్ల ఫోను నంబరు, వాళ్ల ఈమెయిలు పెట్టేయడం మామూలైపోయింది. నోటీసు వస్తే ఆ ఈమెయిలుకే వెళ్తుంది, గడువు దాటిపోయాక గాని వ్యాపారికి తెలియదు. నమోదులో ఉన్న ఫోను నంబరు ఎవరిదో ఇవాళే చూసుకోండి. మీది కాకపోతే పోర్టల్‌లో మార్చుకోవచ్చు.

గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో ప్రభుత్వం చేయగల పని ఒకటుంది, దానికి పెద్ద ఖర్చేమీ కాదు. జిల్లా పరిశ్రమల కేంద్రంలోనూ జీఎస్టీ కార్యాలయంలోనూ తెలుగులో నాలుగు పేజీల కాగితం పెట్టాలి. కౌంటర్ అమ్మకం ఏది, అంతర్రాష్ట్ర అమ్మకం ఏది, చేనేతకు ఏ మినహాయింపు, ఈ-వే బిల్లు ఎలా తీయాలి అన్నవి అందులో ఉంటే చాలు. సరిహద్దు అవతల శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో ఒడియా మాట్లాడే వ్యాపారులు కూడా ఉన్నారు. వాళ్లకు అక్కడి కార్యాలయాలు అదే కాగితాన్ని ఒడియాలో ఇవ్వాలి. వర్తక సంఘాలు ఈ మాట అడగాలి. రెండు రాష్ట్రాల అధికారులనూ ఒకే రోజు ఒకే గదిలో కూర్చోబెట్టి అడిగితే ఇంకా మంచిది, ఎందుకంటే వ్యాపారి ప్రశ్నల్లో చాలావాటికి సగం జవాబు అటు ఉంటే సగం ఇటు ఉంటుంది.